రెండోసారి డ్రంకెన్ డ్రైవ్‌లో దొరికిన అన్నను జైలుకు కాకుండా చికిత్సకు పంపమని కోర్టును అడగవచ్చా?

హన్మకొండ నుంచి ఒక చెల్లెలు అడిగిన ప్రశ్న ఇది. ఆమె అన్నకు 34 ఏళ్లు, ఇళ్లకు కరెంటు వైరింగ్ చేస్తాడు, ఇద్దరు పిల్లలు. ఏడాదిన్నర కింద ఒకసారి దొరికి జరిమానా కట్టి వచ్చాడు. పోయిన శనివారం రాత్రి పదకొండున్నరకు నయీంనగర్ దగ్గర మళ్లీ దొరికాడు. ఊదుడు మిషన్‌లో రీడింగ్ 186. బండి పోలీసుల దగ్గర ఉంది, రెండు వారాల్లో కోర్టుకు రావాలన్నారు. "లోపల వేస్తేనే బుద్ధొస్తది" అని వదిన అంటోంది, "వాడికి కావాల్సింది వైద్యం" అని చెల్లెలు అంటోంది. తాగి బండి నడుపుతూ పదేపదే దొరికేవాళ్లను జడ్జి పర్యవేక్షణలో చికిత్సకు పంపే కోర్టులు అమెరికాలో ఉన్నాయట, మన దగ్గర ఉన్నాయా అని అడిగింది.

సూటిగా చెప్తాను చెల్లెమ్మా. అలాంటి ప్రత్యేక కోర్టు మన దగ్గర లేదు. కానీ దాదాపు అదే పని చేసే ఆదేశం ఇవ్వమని అడగడానికి 1958 నుంచీ ఒక చట్టం ఉంది. రెండోసారి దొరికినవాళ్లు కూడా అడగవచ్చు. ఇస్తారన్న గ్యారంటీ లేదు. ఇవ్వడం, ఇవ్వకపోవడం ఆ రోజు వకీలు ఎంత బాగా మాట్లాడాడన్న దానికన్నా, ఈ రెండు వారాల్లో మీ ఇంట్లో ఏం జరిగిందన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. నేను హన్మకొండలో 22 ఏళ్లుగా క్రిమినల్ కేసులు చూస్తున్నాను. ఇలాంటి పిటిషన్లు వేశాను. ఒప్పుకున్నవాటి కన్నా కొట్టేసినవే ఎక్కువ. అయినా వేస్తూనే ఉన్నాను, ఎందుకో కింద చెప్తాను.

మీ ప్రశ్నలో మీరు మామూలుగా రాసేసిన ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. "నడక, మాట అంతా మంచిగనే ఉందని పోలీసాయన కూడా ఆశ్చర్యపోయాడు" అని రాశారు. మిగతా అన్నింటికన్నా నాకు టెన్షన్ పెట్టిన మాట అదే. చట్టం పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. మీ అన్నకు వచ్చింది దానికి ఆరు రెట్లు. ఎప్పుడో దావత్‌లో తాగేవాడు ఆ స్థాయిలో ఉంటే నిలబడటమే కష్టం, మాట ముద్దముద్దగా వస్తుంది. మామూలుగా మాట్లాడాడంటే ఒళ్లు దానికి అలవాటు పడిపోయిందని అర్థం. మన శరీరం గంటకు, 100 మిల్లీలీటర్ల రక్తంలో సుమారు 15 నుంచి 20 మిల్లీగ్రాముల లెక్కన మాత్రమే మద్యాన్ని కరిగిస్తుంది. 186 నుంచి 30కి దిగాలంటే ఎనిమిది నుంచి పది గంటలు పడుతుంది. అంటే పొద్దున ఎనిమిదింటికి టిఫిన్ చేసి, బండి తీసి, నిచ్చెన ఎక్కి కరెంటు వైర్లు పట్టుకునే వేళకు కూడా ఆయన ఒంట్లో హద్దుకు మించి మందు ఉండొచ్చు. రోడ్డు మీద దొరికింది రెండుసార్లే. అలా నడిపిన రోజులు ఎన్నో మీ వదినకు తెలిసే ఉంటుంది.

కాబట్టి మొదట చెప్పాల్సింది కోర్టు సంగతి కాదు. ఈ భయంతో రేపే ఇంట్లో తలుపేసి మందు మాన్పించే పని చేయకండి. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే మొదటి రోజే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. కొందరికి మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ వస్తాయి. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య కొందరికి లేనివి కనిపిస్తాయి, ఎక్కడున్నారో తెలియకుండా మాట్లాడతారు. అప్పుడు ప్రాణం మీదికే రావచ్చు. డాక్టర్ దగ్గర ఉంటే మందులతో, బీ1 విటమిన్‌తో దీన్ని దాటించవచ్చు. నేను డాక్టర్‌ను కాదు. ఇది నాకు ఒక క్లయింటు వల్ల తెలిసింది. చాలా ఏళ్ల కింద పది రోజుల శిక్ష పడి లోపలికి వెళ్లిన మనిషికి రెండో రోజు రాత్రి ఫిట్స్ వచ్చాయి. అతను రోజూ హాఫ్ బాటిల్ తాగుతాడని జైలు డాక్టర్‌కు చెప్పాలన్న ఆలోచన ఇంట్లోవాళ్లకు రాలేదు, నాకూ రాలేదు. బతికాడు. అప్పటి నుంచి లోపలికి వెళ్లే ప్రతి మనిషి గురించి ఆ ముక్క కాగితం మీద రాసి ఇప్పిస్తున్నాను. మీ అన్నకు శిక్ష పడినా మీరు ఆ పని చేయాలి.

ఇది చదివే వేరేవాళ్ల కోసం ఇంకొక మాట. "మావాడు మందు తాగడు, కల్లు ఒక్కటే" అంటారు. మన జిల్లాల్లో కల్లులో అల్ప్రాజోలం కలిపిన కేసులు ఎన్నో బయటపడ్డాయి. అది నిద్రమాత్ర జాతి మందు. అది ఊదుడు మిషన్‌లో కనిపించదు, ఒక్కసారిగా ఆపితే దానికీ ఫిట్స్ వస్తాయి. డాక్టర్‌కు కల్లు సంగతి కూడా దాచకుండా చెప్పండి.

ఇక కోర్టు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 ప్రకారం మొదటిసారి దొరికితే ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారీ ఆపైనా అయితే రెండేళ్ల వరకు జైలు, లేదా 15,000 జరిమానా, లేదా రెండూ. 2019 సవరణతో వచ్చిన లెక్కలివి. ఇది రాజీ కుదిరే కేసు కాదు, స్టేషన్‌లో డబ్బు కట్టి తేల్చుకునేదీ కాదు. మేజిస్ట్రేట్ ముందుకు వెళ్లాల్సిందే.

చాలామంది ఏం చేస్తారంటే, పిలిచిన రోజు వెళ్తారు, వరుసలో నిలబడతారు, "తాగావా" అంటే "తాగాను సార్" అంటారు, జరిమానా చెప్పగానే కట్టి బయటపడతారు. రెండు నిమిషాల పని. జైలు పడితే మాత్రం అప్పుడు వకీలు కోసం పరుగెత్తుతారు. మీ అన్న అలా వెళ్లి నిలబడకూడదు. నేరం ఒప్పుకోవద్దని నేను అనడం లేదు. 186 రీడింగ్ ఉంది, నడిపాడు, ఒప్పుకోవడమే మర్యాద. కానీ ఒప్పుకోవడానికీ శిక్ష చెప్పడానికీ మధ్య ఉన్న చిన్న సందులోనే మీరు అడగాల్సింది అడగాలి. ఆ సందు దాటిపోతే ఇక అప్పీలే.

అడగాల్సింది 1958 నాటి ప్రొబేషన్ చట్టం, అంటే వెంటనే శిక్ష వేయకుండా షరతులతో వదిలే చట్టం, సెక్షన్ 4 కింద. ఇక్కడ ఒక చిక్కు ఉంది, కొందరు వకీళ్లు కూడా పొరబడతారు. అదే చట్టంలో సెక్షన్ 3 మందలించి వదిలేయడం గురించి. ఇంతకుముందు శిక్ష పడినవాళ్లకు అది వర్తించదు. పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలోని 401వ సెక్షన్ కింద ప్రొబేషన్‌కూ పాత శిక్ష ఉండకూడదు. అందుకని "రెండోసారి కదా, ప్రొబేషన్ రాదు" అని చెప్పేస్తారు. సెక్షన్ 4లో ఆ అడ్డు లేదు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలు కాకపోతే చాలు. పాత కేసు ఉన్నదాన్ని జడ్జి లెక్కలోకి తీసుకుంటారు, అది సహజం. కానీ తలుపు మూసి లేదు.

ఆ సెక్షన్ కింద కోర్టు వెంటనే శిక్ష వేయకుండా, మూడేళ్లకు మించని కాలానికి పూచీకత్తు రాయించుకుని వదలవచ్చు. కనీసం ఒక ఏడాది ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో ఉండమనవచ్చు. పూచీకత్తులో పెట్టదగిన షరతుల్లో, చట్టమే పేరు పెట్టి చెప్పినవాటిలో, మత్తు పదార్థాలు ముట్టకుండా ఉండటం ఒకటి. ఎక్కడ నివాసం ఉండాలో చెప్పవచ్చు. మళ్లీ అదే నేరం జరగకుండా ఇంకేం షరతు అవసరమనిపిస్తే అదీ పెట్టవచ్చు. చికిత్స ఆ కిందికే వస్తుంది. షరతు తప్పితే సెక్షన్ 9 కింద మళ్లీ పిలిచి అసలు నేరానికి శిక్ష వేయవచ్చు. ఒక్కసారి చదివి చూడండి, అమెరికా కోర్టులో ఉన్న ఎముకలన్నీ ఇందులో ఉన్నాయి. కండే లేదు. అంటే చికిత్స చేసే డాక్టర్, పర్యవేక్షించే అధికారి, జడ్జి ఒకరితో ఒకరు మాట్లాడుకునే ఏర్పాటు లేదు. ఆ ఏర్పాటు మనమే చేసి కోర్టు ముందు పెట్టాలి.

గంజాయి కేసుల్లో పరిస్థితి ఇంతకన్నా మేలు. కొద్ది మొత్తంతో దొరికిన వ్యసనపరుడిని, అతను ఒప్పుకుంటే, ప్రభుత్వ ఆసుపత్రిలోగానీ ప్రభుత్వం గుర్తించిన చోటగానీ చికిత్సకు పంపే దారి మత్తు పదార్థాల మీద ఉన్న ఎన్డీపీఎస్ చట్టం సెక్షన్ 39లో నేరుగా రాసి ఉంది. మందు విషయంలో అలాంటి వాక్యం ఒక్కటి కూడా మోటారు వాహనాల చట్టంలో లేదు. ఊరూరా బెల్టు షాపు ఉన్న చోట ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

అమెరికా సంగతి అడిగారు కాబట్టి, నాకు ఉపయోగపడిన మేరకు చెప్తాను. మత్తు కేసులకు వేరే కోర్టు అనేది 1989లో మయామీలో మొదలైంది. తాగి నడిపేవాళ్ల కోసం అదే పద్ధతిలో న్యూ మెక్సికో రాష్ట్రంలోని డోన్యా ఆనా కౌంటీలో 1995లో పెట్టారు. ఏడాది నుంచి రెండేళ్లు సాగుతుంది. మొదటి నెలల్లో రెండు వారాలకోసారి అదే జడ్జి ముందు నిలబడాలి. మధ్యలో చెప్పాపెట్టకుండా పరీక్షలు, వారం వారం కౌన్సెలింగ్. మొదటిసారి దొరికినవాళ్లను, ఎప్పుడో ఒకసారి తాగేవాళ్లను సాధారణంగా అందులోకి తీసుకోరు. అది పదేపదే దొరికేవాళ్ల కోసం, తాగకుండా ఉండలేనివాళ్ల కోసం. మనుషుల ప్రాణాలు తీసినవాళ్లను కూడా సాధారణంగా బయటే ఉంచుతారు.

నన్ను ఇంకా ఎక్కువ ఆలోచింపజేసింది దక్షిణ డకోటా. అది వ్యవసాయం, పశువుల రాష్ట్రం, దూరదూరంగా చిన్న ఊళ్లు. 2005లో అక్కడ ఒక పద్ధతి మొదలుపెట్టారు. తాగి నడిపి మళ్లీ మళ్లీ దొరికినవాడు రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి ఊదాలి. మందు కనిపిస్తే అప్పటికప్పుడే లోపలికి, ఒకటి రెండు రోజులే. నెలల తర్వాత ఎప్పుడో పడే పెద్ద శిక్ష కాదు, వెంటనే పడే చిన్న శిక్ష. 2013లో ర్యాండ్ అనే అమెరికా పరిశోధన సంస్థవాళ్లు లెక్కలు తీస్తే ఆ పద్ధతి ఉన్న కౌంటీల్లో తాగి నడిపి మళ్లీ అరెస్టయ్యేవాళ్లు 12 శాతం తగ్గారు. ఇంట్లో భార్యాబిడ్డల మీద దౌర్జన్యం కేసుల్లో అరెస్టులు కూడా 9 శాతం తగ్గాయి. ఆ రెండో అంకె మీ వదినకు చూపించండి.

ఇప్పుడు నేను ఈ పిటిషన్లు ఎందుకు వేస్తున్నానో చెప్తాను. పదమూడేళ్ల కింద పరకాల వైపు నుంచి ఒక డీసీఎం వ్యాన్ డ్రైవర్ కేసు వచ్చింది, మూడోసారి దొరికాడు. అప్పుడు నాకు తెలిసిన వాదన ఒకటే. బీదవాడు సార్, ముగ్గురు పిల్లలు, జైలుకు పంపితే ఇల్లు గడవదు. జడ్జి గారు కనికరించి జరిమానాతో వదిలేశారు. ఇంట్లోవాళ్లు నా కాళ్లకు మొక్కినంత పని చేశారు. కేసు గెలిచాననుకున్నాను. ఎనిమిది నెలలకు రాత్రిపూట బైకు మీద వస్తూ కల్వర్టు గోడకు గుద్దుకుని చనిపోయాడు. వెనక కూర్చున్న తమ్ముడి కొడుకు కాలు పోయింది. ఇన్సూరెన్స్ కాగితాల కోసం ఆయన భార్య మా ఆఫీసుకు వచ్చింది. పని అయిపోయాక లేచి నిలబడి, "ఆ రోజు లోపలేస్తే బతికేటోడా సార్" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. లోపల వేసినా పది రోజుల తర్వాత బయటికి వచ్చి అదే దుకాణానికి వెళ్లేవాడు. జరిమానా, జైలు, రెండింటిలో ఏదీ అతన్ని "నిన్న తాగావా, ఇవాళ తాగావా" అని అడగదు. అది అడిగే మనిషి ఒకరుండాలని నేను కోర్టును ఎప్పుడూ కోరలేదు. ఆ తప్పు నాది.

తర్వాత నాలుగేళ్లకు కాశిబుగ్గ ఆటో డ్రైవర్ ఒకాయన కేసులో మొదటిసారి పని జరిగింది. రెండోసారి దొరికాడు, రీడింగ్ రెండొందలు దాటింది. వాయిదాకు ముందే తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంచి, డిశ్చార్జి కాగితాలతో కోర్టుకు తీసుకెళ్లాను. జడ్జి గారు వెంటనే ప్రొబేషన్ ఇవ్వలేదు. "మూడు నెలలు వాయిదా వేస్తాను, పదిహేను రోజులకోసారి వచ్చి కనపడు" అన్నారు. ప్రతిసారీ ఒకే ప్రశ్న వేసేవారు: "ఎన్ని రోజులైంది?" మొదటిసారి ఇతను తడబడ్డాడు. రెండోసారికి లెక్క పెట్టుకుని వచ్చాడు. "ముప్పై ఎనిమిది సార్." ఆటో అద్దం మీద సుద్దతో రోజుకో గీత గీసుకునేవాడని తర్వాత తెలిసింది. దసరాకు తప్పాడు. బామ్మర్దులు వచ్చారు, యాట కోశారు, ఒక్క పెగ్గుతో మొదలై రెండు రోజులు తాగాడు. నాతో దాచమన్నాడు. నేను ఒప్పుకోలేదు, నువ్వే చెప్పు అన్నాను. చెప్పాడు. జడ్జి గారు అరవలేదు. "అయితే పదిహేను రోజులు కాదు, వారం వారం రా" అన్నారు. తర్వాత ఏడాది ప్రొబేషన్ ఇచ్చారు. ఆ జడ్జి గారు బదిలీ అయి వెళ్లారు. ఈయన ఇప్పటికీ ఆటో నడుపుతున్నాడు. ఆ తర్వాత మేడారం జాతర వచ్చినప్పుడల్లా ఆ నాలుగు రోజులు ఫోన్ చేస్తాడు, "సార్, బంగారం ఒక్కటే మొక్కినం, ఇంకేం ముట్టలే" అని.

తిరగబడిన కేసూ చెప్పాలి. కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీలో సూపర్‌వైజర్ ఒకాయన ఇంట్లోవాళ్లు నలభై ఐదు రోజులు చికిత్స తీసుకున్నట్టు ఒక ప్రైవేటు సెంటర్ సర్టిఫికెట్ తెచ్చారు. నేను తేదీలు సరిచూడకుండా కోర్టులో పెట్టాను. ఆ నలభై ఐదు రోజుల మధ్యలోనే అతను క్వారీ హాజరు పట్టీలో సంతకాలు పెట్టి ఉన్నాడు. ప్రాసిక్యూషన్ వాళ్లు అది బయటపెట్టారు. అతనికి జైలు పడింది. ఆ కోర్టులో చాలాకాలం నా పిటిషన్లను అనుమానంగా చూశారు, అందులో న్యాయం ఉంది. దొంగ సర్టిఫికెట్ మీ అన్ననే కాదు, మీ వెనక వచ్చే నిజమైన రోగిని కూడా ముంచుతుంది.

ఈ రెండు వారాల్లో మీరు చేయాల్సింది ఇది. రేపే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి మానసిక వైద్య విభాగం ఓపీకి తీసుకెళ్లండి. రాను అంటే ముందు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు, 14416కు ఫోన్ చేసి ఆయనతోనే మాట్లాడించండి, తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం. మత్తు విషయాలకే ఉన్న 14446 కూడా ఉంది. డాక్టర్లు ఆడిట్ (AUDIT) అని పది ప్రశ్నల పరీక్ష చేస్తారు, 40కి మార్కులు వేస్తారు. 20 గానీ అంతకు మించి గానీ వస్తే అలవాటు కాదు, బానిసత్వం అన్న అనుమానం బలంగా ఉంటుంది. ఆ మార్కులు రాసిన కాగితం, లివర్ పరీక్షలు, ముఖ్యంగా జీజీటీ (తాగుడు వల్ల పెరిగే ఒక లివర్ ఎంజైమ్) రిపోర్టు, ఓపీ చీటీలు అన్నీ ఒక ఫైల్లో పెట్టండి. మొదటి జీజీటీ రిపోర్టు చాలా అవసరం. మూడు నెలల తర్వాత అది దిగిందని చూపించగలిగితే వంద మాటలు అక్కర్లేదు.

ప్రైవేటు సెంటర్‌లో చేర్పించే ముందు మానసిక ఆరోగ్య చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా అని అడిగి, కాగితం కళ్లతో చూడండి. 2017 చట్టంలో మద్యం వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా ఉన్నాయి, కాబట్టి అక్కడ చేరే మనిషికి రోగి హక్కులన్నీ ఉంటాయి. రాత్రికి రాత్రి నలుగురు వచ్చి వ్యాన్‌లో ఎక్కించుకుపోతామనే చోట్లకు పంపకండి. కట్టేసి కొట్టించుకుని వచ్చినవాళ్లను చూశాను. బయటికి వచ్చిన మొదటి సాయంత్రమే తాగుతారు, ఈసారి కోపంతో.

తాగితే వాంతులయ్యే మాత్ర కొందరు ఇంట్లోవాళ్లు పప్పులోనో చాయ్‌లోనో కలిపేస్తారు. దయచేసి చేయకండి. డైసల్ఫిరాం అనే ఆ మందు మీద ఉండగా తాగితే బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. అతనికి తెలిసి, అతను ఒప్పుకుని, డాక్టర్ రాస్తేనే వాడాలి. అలా ఒప్పుకున్నవాళ్లకు, రోజూ భార్య చేతి మీదుగా వేసుకునేవాళ్లకు అది బాగా పనిచేయడం నేను చూశాను. వాంతులతో సంబంధం లేకుండా మందు మీద ఆశ తగ్గించే మాత్రలు వేరే ఉన్నాయి, ఏది సరిపోతుందో డాక్టర్ చెప్తారు.

వకీలుకు డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఎస్సీ, ఎస్టీ అయినా, ఆదాయం హద్దు లోపల ఉన్నా ఉచితంగా వకీలును ఇస్తారు. ఆ వకీలుకు "సెక్షన్ 4, పర్యవేక్షణ ఆదేశంతో" అని మీరే చెప్పండి. పిటిషన్‌లో ఊరికే దయ చూపమని రాయొద్దు. కోర్టు పెట్టాల్సిన షరతులు మనమే రాసివ్వాలి: పదిహేను రోజులకోసారి ఓపీ, నెలకోసారి రక్తపరీక్ష, ప్రొబేషన్ అధికారి ఎప్పుడు ఊదమంటే అప్పుడు ఊదడం, బండి తాళం ఇంకొకరి దగ్గర ఉండటం, ఈ కాగితాలన్నీ నెలనెలా కోర్టులో దాఖలు చేయడం. అవి మీ అన్న చదివి, నిజంగా చేయగలిగినవే రాయాలి. స్థిరమైన నివాసం గానీ పని గానీ ఇక్కడే ఉందని కోర్టుకు నమ్మకం కలగాలి కాబట్టి ఆధార్, ఇంటి కాగితం, పనిచ్చే కాంట్రాక్టర్ ఉత్తరం పట్టుకెళ్లండి. ప్రొబేషన్ ఇవ్వడానికి వీలున్న కేసులో ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వలేదో ప్రత్యేక కారణాలు రాయాలని సురక్షా సంహిత 402వ సెక్షన్ చెప్తుంది. మీ వకీలు మర్యాదగా అది గుర్తు చేయవచ్చు. అయినా కొట్టేస్తే పై కోర్టు కూడా అప్పీలులో ప్రొబేషన్ ఇవ్వగలదు.

కొట్టేసే జడ్జిల వైపు కూడా న్యాయం ఉంది. దల్బీర్ సింగ్ కేసులో 2000లో సుప్రీంకోర్టు, నిర్లక్ష్యంగా నడిపి మనుషుల చావుకు కారణమైన డ్రైవర్లకు ప్రొబేషన్ అనే మెత్తదనం చూపకూడదంది. రోడ్డు మీద నడిచేవాళ్ల ప్రాణాల గురించి ఆలోచించే జడ్జికి ఆ మాట గుర్తుంటుంది. మీ అన్న ఎవరినీ గుద్దలేదు, అదే ఆయనకు మిగిలిన అదృష్టం. ఎవరికైనా దెబ్బ తగిలి ఉంటే ఈ జవాబు నేను ఇలా రాసేవాడిని కాను.

లైసెన్స్ విషయంలో ఆశ పెట్టుకోకండి. జైలు తప్పినా అది వేరే దారిలో నడుస్తుంది. పోలీసులు లైసెన్స్‌ను రవాణా అధికారికి పంపుతారు. మొదటిసారికి మూడు నెలలు ఆపుతారు, రెండోసారికి రద్దు చేసే అధికారం ఉంది. ఆయన చెప్పుకోవడానికి అవకాశం ఇస్తారు, వెళ్లి చెప్పుకోండి, కానీ పోతే పోనివ్వండి. సామాను మోయడానికి బండి నడిపే కుర్రాడిని పెట్టుకోమనండి. లైసెన్స్ లేని రోజుల్లో నడిపి దొరికితే అది ఇంకో నేరం, ప్రొబేషన్ కూడా అక్కడితో సరి.

చివరగా మీ వదిన. ఆమె మాట మీకు కఠినంగా అనిపించి ఉంటుంది. కానీ రాత్రి పదకొండున్నర దాకా గుమ్మంలో కూర్చునేది ఆమె. జైలు కోరుకోవడంలో ఆమెకు కావాల్సింది కొన్నాళ్లు నిద్ర కావచ్చు. మీ అన్న చేయి చేసుకుంటాడా అని మీరిద్దరే ఉన్నప్పుడు ఆమెను అడగండి. అలా ఉంటే 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది, 2005 నాటి గృహహింస చట్టం ఉంది. చికిత్స పిటిషన్ వేశామని ఆమె నోరు మూయించకూడదు, కొట్టకూడదన్న షరతు కూడా అదే పూచీకత్తులో రాయించవచ్చు. వాయిదా రోజు ఆమె వస్తానంటే తీసుకురండి. జడ్జి గారు ఆమెను అడిగే అవకాశం ఉంది. ఇంట్లో ఎలా ఉంటున్నాడమ్మా అని అడిగితే ఆమె ఏం చెప్పాలో మీరు ముందే నేర్పకండి, ఉన్నదే చెప్పనివ్వండి.